ఒక్క చేత్తో గీసే పట్టాలు

రైల్వే యార్డులో వ్యాగన్లు తగిలించే పనిలో కుడి చెయ్యి మణికట్టు దాకా పోయాక, అతను కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. నాలుగేళ్ల కూతురు ఒళ్లోకి ఎక్కబోతే పక్కకు జరిగేవాడు. భార్యకు ప్రాణం విలవిల్లాడేది. చొక్కా గుండీలు తనే పెట్టేది, తల తనే దువ్వేది, చెంచా కూడా అతని నోటిదాకా తనే తీసుకెళ్లేది.

ఒకరోజు అతనితో పనిచేసిన గార్డు, అందరూ విజిల్ బాబాయ్ అని పిలిచే మనిషి, అట్టపెట్టె నిండా బొమ్మ రైలు పట్టాలు, ఓ పాత ల్యాప్‌టాప్ తెచ్చాడు. పట్టాలు ఊరికే పేర్చుకుంటూ పోతే చివర్లో కలవవనీ, ముందు కంప్యూటర్లో గీసుకోవాలనీ చెప్పాడు. అందుకు మూడు సాఫ్ట్‌వేర్లు ఎక్కించాడట, నచ్చింది ఉంచుకోమన్నాడు.

"యార్డంతా తిరిగినోడివి, బల్లంత యార్డు నీకో లెక్కా? ఇలాగే కూర్చుంటే కుర్చీకి వేళ్లు మొలుస్తాయిరా" అని వేళాకోళమాడి వెళ్లాడు.

భర్త పెట్టెలోంచి ఒక పట్టా ముక్క తీసి చాలాసేపు చూశాడు. ఆ కాస్త ఆశా ఎక్కడ ఆరిపోతుందోనని ఆమె హడలిపోయింది. ఏది మంచిదో ముందు తనే చూసిపెడతానంది. చదువు ఎనిమిదితోనే ఆగింది. తెర మీది ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుంటూ మూడూ తెరిచింది. మొదటిది ఉచితమే గానీ యాభై ముక్కలు దాటితే కదలదు. మూడోది బూడిదరంగులో ఆఫీసు కాగితంలా ఉంది. రెండోదాన్లో కొండలు, సొరంగాలు, తిప్పి చూస్తే నిజం రైలే. అదే ఖాయం చేసింది.

మర్నాడు అతను కూర్చున్నాడు. పట్టా వంచాలంటే ఒక చేత్తో కీబోర్డు మీద మీట నొక్కిపట్టి, రెండో చేత్తో మౌస్ లాగాలి.

"మీట నేను పట్టుకుంటానండీ, మీరు లాగండి."

అతను మౌస్ వదిలేశాడు. "గుండీలు నువ్వే, చెంచా నువ్వే. ఇదీ నువ్వే గీసుకో."

గొంతు పెంచలేదు. అందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది. వంటింట్లో కుళాయి తిప్పి నిలబడింది. ఒంటిచేతి మనిషి కోసం తను రెండు చేతులతో ఎంచింది.

మధ్యాహ్నం తన కుడిచేతిని తువ్వాలుతో వెనక్కి కట్టించుకుంది. ముడి వేసిన కూతురు, "అమ్మా, నువ్వు దొంగవా?" అంది. ఎడమచేత్తో మళ్లీ మూడూ వాడి చూసింది. ఆ బూడిదరంగుదాన్లో ముక్క మీద నొక్కితే చాలు, దానంతటదే వెళ్లి ముందు ముక్కకు తగులుకుంటోంది. గంటసేపు కుస్తీ పడితే ఒక వంకర గుండ్రం వచ్చింది. భుజం పీకేసింది.

తలెత్తితే గుమ్మంలో భర్త.

వచ్చి, ఎడమచేత్తో, పళ్లతో ఆ ముడి విప్పసాగాడు. ఎంతకీ రాలేదు. ఆమె వేళ్లు సాయానికి ఉరికాయి. బిగబట్టుకుంది. చివరికి తువ్వాలు జారింది.

"లే" అన్నాడు.

కూర్చుని ఒక్కో ముక్కా వేశాడు. పట్టాలు చీలే చోట తప్పని ఎర్రగీత పడింది. కుడికి చీలాల్సిన చోట ఎడమకు చీలే ముక్క పెట్టాడు. ఆమెకు తెలిసిపోయింది. మాట నాలుక చివరికొచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు అతను, తల తిప్పకుండానే.

"లేనండీ" అంటూ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచి, తలుపు దగ్గరికి వేసింది. లోపల మౌస్ టిక్కుమంది. ఆగింది. మళ్లీ టిక్కుమంది.

"నాన్న ఏం చేస్తున్నాడు?" అంది పిల్ల.

"పనిలో ఉన్నారు" అంది ఆమె.