వందలో అరవై ఎనిమిది మంది

ఏం టెస్సా, కళ్ళజోడు కొత్తదా? ఇప్పుడైనా మనుషులు కనిపిస్తున్నారా, ఇంకా అంకెలేనా? ఆ లాప్‌టాప్ మూసి ఇలా రా. మీ మామయ్య ఒక లెక్కలావిడని బోల్తా కొట్టించిన కథ చెప్తాను.

నేను ఆవిరి గొట్టాలు బాగుచేసే కాలేజీలో, లైబ్రరీ కింద గదిలో మార్లిస్ ఉంటుంది. చేరే పిల్లల హైస్కూలు మార్కులు, తల్లిదండ్రుల చదువు చూసి, అలాంటివాళ్ళు వందమందిలో ఎంతమంది డిగ్రీ పూర్తిచేస్తారో ఆవిడ కంప్యూటరు చెబుతుంది. అంతకంటే ఎక్కువమంది పూర్తిచేస్తే అది కాలేజీ గొప్ప.

పోయిన జనవరిలో ఆవిడ గదిని వెచ్చబెట్టే రేడియేటర్ బాగుచేసే వంకతో వెళ్ళాను.

"మార్లిస్, మా చుట్టాలబ్బాయి వెర్నన్ ఇక్కడ చేరతాట్ట. పనికొస్తాడో లేదో కాస్త చూడు."

"ఇది కాలేజీని తూచడానికి ఆర్లో, జాతకాలు చెప్పడానికి కాదు."

"అయితే నీ గది ఇలా చల్లగానే ఉంటుంది మరి."

నవ్వి, చెప్పమంది. వెర్నన్ అనేవాడు లేడు. నేను చెప్పినవన్నీ 1978 నాటి నా మార్కులే. ఎనిమిదో తరగతితో ఆపేసిన తండ్రి కూడా మా నాన్నే.

ఆ ఏడు ఇదే కాలేజీలో పన్నెండు వారాలు చదివి మానేశాను. చదువు నా బుర్రకెక్కదని అందరికీ జోకులేసి చెప్పేవాణ్ణి. కానీ ఏటా మే నెలలో, పట్టాలిచ్చే రోజు పొద్దున్నే పచ్చిక మీద కుర్చీలన్నీ వేశాక, ఎవరూ రాకముందు పట్టభద్రుల వరసలో ఒక దాంట్లో కూర్చుంటాను. కాసేపే.

ఆవిడ కంప్యూటరు మీటలు నొక్కుతుంటే నా చేతిలో పానా తిరగలేదు.

"వందలో అరవై ఎనిమిది మంది గట్టెక్కుతారు. రమ్మను."

"మొదటి కెమిస్ట్రీ పరీక్షలో నలభై ఒకటే వస్తేనో?"

"నలభై ఒకటా! డెబ్బైల్లో మా అన్న ఇక్కడ చదివేనాటి నుంచీ ఆ పరీక్షలో క్లాసు సగటు ముప్పై ఐదు దాటదు. తర్వాత అందరికీ మార్కులు కలుపుతారుగా. నలభై ఒకటంటే బి గ్రేడు, మంచి మార్కే. ఎవరో ఒకరు చెప్తార్లే వాడికి."

ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. వందకి నలభై ఒకటి చూసుకుని, ఆ శుక్రవారమే పెట్టె సర్దేశాను.

"ఎప్పుడు చేరతాడు మీవాడు?"

"కనుక్కుని చెప్తా," అన్నాను.

పాపం మార్లిస్, ఇంకా అడుగుతూనే ఉంది. నవ్వకు పిల్లా! ఆవిడ బోల్తా పడింది ఒక్క ఏడాదేగా. నేను పడి నలభై ఆరేళ్ళయింది, పడేసింది కూడా నేనే.