ఇప్పగింజల కుండ

కాశయ్య కుండ మూతికి ఎర్ర తువ్వాలు బిగించాడు. అరవై ఎనిమిదేళ్ల వేళ్లు, రెండోసారికి గానీ ముడి పడలేదు. లోపల నిన్నటి గ్రామసభ ఉంది.

"ఇయ్యాలన్నా గట్టిగ అడుగు," అంది సారలమ్మ, భర్తకు గంజి అందిస్తూ. "నమస్తే పెట్టి తిరిగి రాకు."

ముప్పై ఏళ్ల రాజకీయం ఆ నమస్తేతోనే గడిచింది. బస్తర్ చివర, ఆ సరిహద్దు ఊరికి మూడుసార్లు సర్పంచ్. పార్టీకి మెతక మనిషి, అడవిలోవాళ్లకు సర్కారు మనిషి, పోలీసులకు అడవిలోవాళ్ల మనిషి. దంతెవాడలో పెద్ద పదవి ఇస్తామన్నా ఊరు వదల్లేదు. అతను కనిపెట్టిందల్లా ఈ కుండే. సభలో చెయ్యెత్తితే అది ఎవరిదో తెలిసిపోతుంది, తర్వాత ఎవరో ఒకరు తలుపు కొడతారు. అందుకని అందరూ పిడికిలి బిగించి కుండలో పెట్టాలి. చింతగింజ వదిలితే సరే, ఇప్పగింజ వదిలితే వద్దు. ఎవరేది వేశారో కాశయ్య కూడా అడగడు. అది ఊరికి అతనిచ్చిన మాట. సర్పంచ్ పదవి పోయినా కుండ అతని దగ్గరే ఉండిపోయింది.

నిన్న గుట్ట మీద రాతిక్వారీ పెట్టనివ్వాలా అని అడిగారు. ఊరికి నీళ్లిచ్చే ఊట ఆ గుట్టదే. ఆరు చింతగింజలు, నూట నలభై మూడు ఇప్పగింజలు పడ్డాయి.

జీపు దిగి, ఆఫీసులో కుండను బల్ల మీద పెట్టేసరికే తహసీల్దార్ సాబ్ ముందు పంచాయతీ సచివ్ రాసిచ్చిన కాగితం ఉంది. గ్రామస్థులంతా చేతులెత్తి ఒప్పుకున్నారట. చేతులట. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లో ఒక్క చెయ్యి లేచింది లేదు. సిగ్గులేని రాత.

"కాశయ్యాజీ, గింజలకు కానూన్ లేదు," అన్నాడు సాబ్. "వద్దన్నవాళ్ల పేర్లు చెప్పండి. అభ్యంతరం రాసుకుంటాను."

కాశయ్యకు ఒళ్లు మండిపోయింది. ఆ పేర్లు ఆఫీసు గుమ్మం దాటి ఎవరెవరి చేతుల్లో పడతాయో ఈ పెద్దమనిషికి తెలియదా? చెప్పకపోతే గుట్ట పోతుంది. చెబితే మనుషులే మిగలరు.

"పేర్లు నాకు తెల్వయ్. గింజలు లెక్కపెట్టు సాబ్."

"పేర్లు లేకపోతే ఎలా?"

"ఏంది ఎలా? ఒక్క పేరు రాసుకో. కాశయ్య. వద్దంటున్న. ఇగ నీకు నమస్తే పెట్ట."

అతని గొంతు అంత లేవడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. సాబ్ తాపీగా రాసుకున్నాడు. ఒప్పుకున్నవారు నూట నలభై ఎనిమిది, అభ్యంతరం ఒకటి.

రసీదు కోసం వరండాలో కూర్చోమన్నారు. కాశయ్య బెంచీ మీద గోడకు తల ఆనించి ఛాతీ రుద్దుకున్నాడు. నాలుగింటికి ప్యూన్ మంగల్ రసీదు తెచ్చి అందించబోయాడు. కాశయ్య అందుకోలేదు. భుజం తట్టి చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది.

చీకటి పడకముందే ఊరివాళ్లు వచ్చి మనిషిని తీసుకుపోయారు. వాళ్లతో వచ్చిన సారలమ్మ రసీదును కొంగున ముడేసుకుని, కుండ ఏదని అడిగింది. ఫైల్లో చేరింది, ఇవ్వకూడదన్నారు.

ఏ ఫైలూ లేదు. సాబ్ గది తలుపు గాలికి ఊరికే కొట్టుకుంటోందని కుండను దానికి అడ్డం పెట్టారు. కుండ మూతికి అతను బిగించిన ఎర్ర తువ్వాలు ముడి ఇంతవరకూ ఎవరూ విప్పలేదు.