జంపక్క చిక్కటి చాయ్

మూడు నెలల మనవరాలు గుక్కపెట్టి ఏడ్చినప్పుడల్లా జంపక్కది ఒకటే మాట. "కోడలా, నీ పాలు సాలుతలేవు. పిల్ల ఎండిపోతాంది."

కొడుకు రవీందర్ మిరపకాయలు అమ్మడానికి ఖమ్మం వెళ్తే, పాలపొడి డబ్బా తెప్పించింది. "పొద్దుగాల రెండు చెంచాలు, మాపటికి రెండు. ఎంత తరిగిందో రోజూ చూస్త," అంది.

కోడలు నాగలక్ష్మి డబ్బా అందుకుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దని అంగన్‌వాడీ టీచర్ పుష్పలత చెప్పింది. డబ్బాకు అలవాటు పడితే బిడ్డ రొమ్ము మానుతుంది, పాలూ తగ్గిపోతాయి. అత్తకు ఎదురు చెప్పే ధైర్యం లేదు. డబ్బా తరక్కపోతే ఊరుకునే అత్తా కాదు.

అందుకని చెంచాలు తప్పకుండా తీసింది. అన్నీ అత్త చాయ్‌లో వేసింది. బిడ్డకు మాత్రం, జంపక్క ఇప్పపూలు ఏరుకొచ్చేలోపే, కడుపునిండా రొమ్ము పట్టింది.

"ఏందే, మన మేక పాలు ఇంత చిక్కగైనయ్?" జంపక్క చప్పరిస్తూ అడిగేది.

"ఇప్పపూలు తింటాంది కదత్తా," అనేది నాగలక్ష్మి, నేల చూస్తూ.

నెల తిరిగింది. డబ్బా అడుగంటింది. అంగన్‌వాడీలో తూకం వేస్తే పిల్ల ముప్పావు కిలో పెరిగింది. పుష్పలత కార్డులో చుక్క పెట్టేలోపే జంపక్క లేచి నిలబడింది.

"మరేమనుకున్నరు? నేను తెప్పించిన డబ్బా పాలు! తల్లిపాలతోటి ఏమైతది?"

పుష్పలత పెన్ను ఆగింది. పక్కనే ఉన్న నెల బాలింత బాలి కళ్లు పెద్దవి చేసింది. "అవ్‌నా పెద్దమ్మా? రేపే మా ఆయనతోటి నేనూ తెప్పిస్త."

నాగలక్ష్మి బాలి ఒళ్లోని పసిగుడ్డును చూసింది. తను నోరు మూసుకుంటే బాలి బిడ్డ నోట్లోకి సీసా పోతుంది. నోరు విప్పితే ఇంటికెళ్లాక తన గతేం కాను?

"ఆ పాలు పాప తాగలే," అంది మెల్లగా.

"మరెవ్వరు తాగిండ్రు?"

"నువ్వే అత్తా. చాయ్‌ల."

జంపక్క కోడలిని చూసింది. మనవరాలి బుగ్గలు చూసింది. తన జబ్బల మీద బిగుసుకుపోయిన రవికె చూసుకుంది.

"గందుకేనా, రవికె పడుతలేదు!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఎవరూ ఆగలేదు. జంపక్క కాసేపు ముఖం మాడ్చుకుని, బాలి వైపు తిరిగింది. "ఓ పిల్లా, డబ్బా గిబ్బా తేకు. నీ పాలే పట్టు. అది చాయ్‌కే పనికొస్తది."

ఇంటిదాకా కోడలికి ముందే గబగబా నడిచింది. గడపలో ఆగింది.

"డబ్బాల ఇంకేమన్న మిగిలిందా?"

"రెండు చెంచాలుంటయ్ అత్తా."

"అయితే చాయ్ పెట్టు."