పాటల డిస్కు

కొత్త డెస్క్‌టాప్‌లో బిగించిన పాత ఎస్‌ఎస్‌డి డిస్కును తెరిచిన రెబెక్కాకు, ఆరేళ్ల క్రితం పోయిన తల్లి సంపూర్ణమ్మ పాడిన పాటల్లో ఒక్కటి కూడా మోగడం లేదని అర్థమైంది. ఆదివారం పాలకొల్లు చర్చిలో సంపూర్ణమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"మీరే చెరిపేశారు శ్యాంబాబు గారూ!"

మెకానిక్ శ్యాంబాబు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"బిగించానంతేనండి. పాత డిస్కు వాడొద్దని ముందే మొత్తుకున్నాను. ఫైళ్ల పేర్లున్నాయి, లోపల పాటలు చెడిపోయాయి. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడుంటే ఒక్కోసారి ఇలాగే అవుతుందండి."

"పడుండటమేంటండీ? నాన్న కంప్యూటర్లోనే ఉంది కదా! ఇవాళే ఆయన తీసిచ్చారు. అమ్మ పాటలున్నాయనే కదా, ఇదే వాడదామన్నాను."

శ్యాంబాబు డిస్కు ఊడదీసి ఆమె చేతికిచ్చాడు.

"వాసన చూడండి. కంప్యూటర్లో కలరా ఉండలు ఎవరేస్తారండి?"

రెబెక్కా వాసన చూసి తండ్రి వైపు తిరిగింది. గోడకానుకుని నిలబడ్డ యెహెజ్కేలు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మ చనిపోయిన వారంలోనే పీకేసి, బీరువాలో ఆవిడ చీరల మధ్య దాచానమ్మా. రోజూ కంప్యూటర్లో తిరుగుతుంటే ఆ గొంతు అరిగిపోతుందేమోనని భయమేసింది."