కుషన్ కుర్చీ

గుడ్డ కోసేవాళ్ళు నిలబడే కోస్తారు. ఆ సంగతి తెలియని పిల్ల మా కుట్టు దుకాణానికి యజమానురాలైంది. వాళ్ళ నాన్న నన్ను ‘మాస్టరమ్మా’ అని పిలిచేవాడు. ఈవిడగారు వచ్చీ రాగానే ‘ఆంటీ’ని చేసింది. మర్నాడే కుషన్ కుర్చీ తెప్పించి కటింగ్ బల్ల పక్కన వేయించింది.

“అరవై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా ఎన్నాళ్ళు నిలబడతారు ఆంటీ? మీరు కూర్చోండి. ఇతను చూసుకుంటాడు.”

ఇతను అంటే కొత్త కుర్రాడు. అన్నానికి వెళ్ళినా మెడలో టేపు తీయడు. నా బల్ల, నా సుద్దముక్క, నా కత్తెర అన్నీ వాడి చేతికి పోయాయి. నాకు గుండీలు ఏరే పని మిగిలింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. మర్యాద చేసి చంపుతుంటే ఏం చేయను?

“పోనీలెండి అత్తయ్యా, హాయిగా కూర్చోమంటున్నారుగా,” అంది ఇంట్లో కోడలు. ఒళ్ళు మండిపోయింది.

ఆ వారం ఒక పాటల బృందంలో పన్నెండు మందికి మఖమల్ కోట్లు కుట్టే పని వచ్చింది. మఖమల్ నూగు ఒక పక్కకే వాలి ఉంటుంది. ముక్కలన్నీ ఒకే దిక్కున కోయాలి. లేకపోతే వెలుతురులో ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తాయి. కుర్రాడేమో గుడ్డ ఆదా అవుతుందని ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు తిప్పి గీస్తున్నాడు.

“ఒరేయ్, ఆగు! చేత్తో నిమిరి చూశావా?”

“కంప్యూటర్లో చూసే గీస్తున్నా ఆంటీ. మీరు కూర్చోండి.”

“కూర్చోండి ఆంటీ, బీపీ పెరుగుతుంది,” అద్దాల గదిలోంచి పిల్ల అరిచింది.

పెరగదూ మరి!

కూర్చున్నాను. వాడు పన్నెండూ కోసేశాడు. మొదటి కోటు కుట్టి దీపం కింద తగిలిస్తే కుడి భుజం ఒక రంగు, ఎడమ భుజం ఒక రంగు. పిల్ల మొహం మాడిపోయింది.

“పక్కనే కూర్చున్నారు కదా ఆంటీ, గట్టిగా చెప్పొద్దా?”

ఇక ఆగలేకపోయాను. లేచి వాడి మెడలో టేపు లాక్కున్నాను. కొత్త తాను తెప్పించి బల్ల మీద పరిచాను. వాడి చెయ్యి పట్టుకుని ఇటొకసారి, అటొకసారి నిమిరించాను.

“తెలిసిందా?”

“ఇటు గరుగ్గా ఉంది,” అన్నాడు నెమ్మదిగా.

సాయంత్రందాకా నిలబడే కోశాను. మోకాళ్ళు నొప్పి పెట్టలేదని అబద్ధమాడను. ఆఖరి ముక్క కోసి కత్తెర కింద పెట్టానో లేదో, పిల్ల కుర్చీ లాక్కొచ్చింది.

“పాపం, అలిసిపోయారు. ఇక మీరు కూర్చోండి ఆంటీ. రేపట్నుంచి ఇతను చూసుకుంటాడు.”

మిగిలిన గుడ్డంతా తానుతో సహా ఎత్తి కుర్చీలో పడేశాను.

“కుర్చీ ఖాళీ లేదమ్మా. రేపు కోయాల్సిందేంటో చెప్పు.”