శ్రీరాములుకు తీసిన దిష్టి

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పి ఉంటే సరిచేసుకొని చదవండి. రోజుకు అర కాగితం కంటే నా చేయి సాగదు. అందుకే ఈ కథ రాసి ముగించేసరికి, కథలోని మనుషులు ఇంకో పంట కూడా తీసేశారు.

యమునది పుంగనూరు దగ్గర చిన్న పల్లె. వాళ్లకు ఎకరం మల్బరీ తోట, ఇంటి గోడకు ఆనుకొనే పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. తండ్రి శ్రీరాములు పదిహేనేళ్లుగా పురుగులు పెంచుతున్నాడు. తల్లి బయ్యమ్మ ఆయనకు తోడు. యమున పుంగనూరులో ఒక బట్టల అంగడిలో బిల్లులు వేస్తుంది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు శ్రీరాములుకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. కుప్పంలో చూపిస్తే గుండెలో కవాటం మార్చాలన్నారు. ఆపరేషన్ ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు మీద ఉచితంగానే జరిగింది. కానీ మూడు నెలలు బరువు ఎత్తకూడదని, చేతులు పైకి లేపకూడదని, కోసిన రొమ్ము ఎముక అతుక్కునేదాకా కూలికి గాని తోటకు గాని పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మూడు నెలలు ఇల్లెలా గడవాలన్నది ఏ కార్డులోనూ లేదు. అంగడి జీతం కుప్పం రానుపోనూ ఖర్చులకే సరిపోయింది. మిగిలిన ఆశ ఒకటే, షెడ్డులో ఉన్న పంట.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందే పిల్లపురుగులు ఇంటికి వచ్చాయి. తల్లి కుప్పంలో తండ్రి దగ్గర ఉండిపోతే, యమున ఒక్కతే వాటిని చూసుకుంది. తెల్లవారక ముందే ఆకు కోసి వేసి, అంగడికి పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ ఆకు వేసేది. మధ్యాహ్నం మేతకు ఎదురింటి మునిలక్ష్మి వచ్చి ఆకు వేసేది. ఆమె కూడా పురుగులు పెంచే మనిషే. ఇద్దరూ ఒకే రోజు ఒకే చోట పిల్లపురుగులు తెచ్చుకున్నారు. అంగడి యజమాని పదకొండుకు వచ్చినా పరవాలేదన్నాడు, జీతంలో కోత పెట్టలేదు. యమున ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటుంది.

పురుగు ఆకు మానేసి కుబుసం విడిచే ప్రతిసారినీ మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక వారం రోజులు విడవకుండా తింటుంది. ఆ వారం తిన్న దాన్నిబట్టే గూడు. పురుగులు నాలుగో జ్వరం లేచిన రోజే శ్రీరాములు ఇంటికి వచ్చాడు.

ఆటో దిగగానే వీధి వీధంతా చేరింది. చావు అంచుదాకా పోయి వచ్చిన మనిషిని దిష్టి తీయకుండా గడప దాటనివ్వరు గదా. బయ్యమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి గడప ముందున్న నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. ఎంత దిష్టి ఉంటే అంత ఘాటు తెలియదంటారు కాబట్టి, మునిలక్ష్మి ఇంకో గుప్పెడు వేయమంది. యమునే లోపలికి పరుగెత్తి తెచ్చింది. అప్పుడు లేచింది పొగ. అందరూ దగ్గుతూ నవ్వారు. శ్రీరాములు దగ్గు వచ్చినప్పుడు రొమ్ముకు అదుముకోమని ఆసుపత్రిలో ఇచ్చిన దిండును గట్టిగా పట్టుకొని, తల వంచుకొని నిలబడ్డాడు.

పురుగులకు పొగ పడదని ఆ వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. షెడ్డులో పురుగులున్నాయంటే ఆ ఇంటి ముందు బీడీ కూడా ముట్టించరు. ఎవరికి దిష్టి తీసినా దూరంగా మలుపు దగ్గరికి తీసుకుపోయి తీయించేది శ్రీరాములే. షెడ్డు కిటికీలు మూసి వచ్చేదీ ఆయనే. ఈసారి దిష్టి ఆయనకే. గుర్తుచేసే మనిషి నిప్పుల ముందు నిలబడి ఉన్నాడు.

సాయంత్రం యమున ఆకు తీసుకొని షెడ్డులోకి పోయింది. వీధి వైపు స్టాండ్లలో పురుగులు తలలు పైకెత్తి ఊగుతున్నాయి. ఆకు వేస్తే ముట్టలేదు. కొన్ని పచ్చగా కక్కి ముడుచుకుపోయాయి. తెరిచి ఉన్న కిటికీ చూడగానే ఆమెకు అంతా అర్థమైంది. బయ్యమ్మ వచ్చి చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. ఆయనకు చెప్పకూడదని తల్లీకూతుళ్లు అనుకున్నారు.

కానీ తెల్లవారి ఆయనే దిండు పట్టుకొని మెల్లగా షెడ్డు గడప దాకా వచ్చాడు. చాలాసేపు చూశాడు. వీధి వైపువి తీసి గుంతలో పూడ్చమని, మిగతావాటి మీద సున్నం చల్లి లేతాకు వేయమని చెప్పాడు. సగానికి సగం పోయాయి. తర్వాత చొక్కా వేసుకొని వచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు.

"సోమవారం నుంచి మదనపల్లె టమోటా మండీకి పోతాను. కాటా కాడ కూర్చొనే పని ఉండాది" అన్నాడు.

మండీలో కూర్చొనే పని క్రేటు ఎత్తడంతోనే ముగుస్తుందని యమునకు తెలుసు.

"నీ ఎముక ఇంకా అతకలేదప్పా. నువ్వు పోతే నేనూ అంగడి మానేసి నీ ఎనకే వస్తా. నువ్వు ఎత్తే ప్రతి క్రేటూ నేనే ఎత్తుతా."

"అంగడి మానేస్తే తినేదేమి?"

"నువ్వు పోతే తినేదెవరు?"

ఆయన చొక్కా విప్పలేదు. సోమవారానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి.

ఆ పొద్దే మునిలక్ష్మి వచ్చింది. ఒకప్పుడు ఆమె ముఖానికి పౌడరు రాసుకొని షెడ్డు చూడడానికి వస్తే, ఆ వాసన పురుగులకు పడదని శ్రీరాములు గడపలోనే ఆపి వెనక్కి పంపాడు. ఆ కోపంతో ఏడాది పాటు ఆయన్ను డాక్టరుగారు అని ఎగతాళి చేసింది. ఈసారి ముఖం కడుక్కొని, కాళ్లు బ్లీచింగ్ నీళ్లలో తడుపుకొని గడప బయటే నిలబడింది. చేతిలో చేట, అందులో పిడికెడు పురుగులు.

"డాక్టరన్నా, పౌడరు లేదు, సూడు. ఇంకో గుప్పెడు ఎయ్యమనింది నేనే. దానికేమన్నా తిట్టేదుంటే తిట్టేయి, తర్వాత ఇంకో మాట ఉండాది."

"తిట్టాలంటే దగ్గొస్తుంది. ఆ మాటేందో చెప్పు."

తన బోరు పది రోజుల కిందటే ఎండిపోయిందని చెప్పింది. ఇంటి వెనక షెడ్డులో పొగ తగలని పురుగులు నిండుగా ఉన్నాయి, తోటలో ఆకు ఒక్క రోజుకే ఉంది. ఆసుపత్రి బాధలో ఉన్నవాళ్లకు తన బాధ ఎందుకని ఇన్నాళ్లూ నోరెత్తలేదు. ఇప్పుడు ఇక్కడ ఆకుంది, తినే పురుగులు సగమే ఉన్నాయి. తన పురుగులు ఈ స్టాండ్ల మీద వేసుకొని ఈ ఆకు పెడితే, ఆ గూళ్లు చెరిసగం.

వినడానికి సులువే. కానీ ఒకరి ఇంటి పురుగును ఇంకొకరు షెడ్డులోకి రానివ్వరు. దానికి రోగముంటే ఉన్న సగమూ పోతుంది. యమున తండ్రి వైపు చూసింది.

"నా పక్క సూడద్దు. ఈ పంట సాకింది నువ్వు. నువ్వే చెప్పు" అన్నాడాయన.

యమున చేటలోని పురుగులను ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుంది. రంగు చూసింది, తల చూసింది, కాళ్ల పట్టు చూసింది. చివరి పురుగు ఆమె వేలిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, విడిపించడానికి ఇంకో చేయి కావలసి వచ్చింది.

"తీసుకురా అత్తా" అంది.

ఆ వారం ముగ్గురు ఆడవాళ్లూ ఆ షెడ్డులోనే ఉన్నారనాలి. శ్రీరాములు కుర్చీ గడప దగ్గర వేయించుకొని, ఏ స్టాండుకు ఆకు చాలలేదో కళ్లతోనే చూపించాడు. సోమవారం వచ్చింది, పోయింది. మండీ మాట ఎత్తలేదు గాని, పొద్దున్నే చొక్కా వేసుకోవడం మాత్రం మానలేదు. పంట చేతికి రాకపోతే లేచిపోవడానికే ఆ చొక్కా అని యమునకు తెలుసు.

పురుగులు పండి గూళ్లు కట్టాయి. యమున, మునిలక్ష్మి గోనెలు ఆటోలో వేసుకొని మదనపల్లె పట్టుగూళ్ల మార్కెట్‌కు పోయారు. కొనేవాళ్లు గూడు చేతిలోకి తీసుకొని, నొక్కి, బాగుందన్నారు. ఎవరి గూళ్లు ఎవరివో తెలిసే దారే లేదు. వేలం ముగియగానే యమున పక్కకు పోయి ఇంటికి ఫోన్ చేసింది.

"అప్పా, మంచి ధరే పలికింది. మన వాటాతోనే మూడు నెలలకూ బియ్యం, మందులు వెళ్తాయి. ఇంక నువ్వు యాడికీ పోబళ్లే, ఇంట్లోనే ఉండు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"అట్లనా," అన్నాడు శ్రీరాములు. "అయితే నేను కాసేపు పండుకుంటా."

సాయంత్రం వాళ్లు ఇంటికి వచ్చేసరికి ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు. కుప్పం నుంచి వచ్చాక అంతసేపు నిద్రపోయింది ఆ రోజేనని బయ్యమ్మ గుసగుసగా చెప్పింది. చొక్కా గోడకున్న మేకుకు తగిలించి ఉంది. మునిలక్ష్మి తలుపు సందులోంచి తొంగిచూసి, చప్పుడు కాకుండా చెప్పులు చేతిలో పట్టుకొని తన ఇంటికి నడిచింది.

రాసినది అమరావతి. వయసు అరవై రెండు. మా ఆయన పోయినప్పటి నుంచి పుంగనూరులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.