ఊక పొగ

అది 1968 డిసెంబరు. గజపతినగరంలో కొత్త ధాన్యం మిల్లులకు చేరింది. బాయిలర్లలో ఊక మండుతోంది. పొద్దున మంచు దిగితే పొగ పైకి పోదు, ఇళ్ళ మీదే కూర్చుంటుంది. ఆరేసిన చీర ముట్టుకుంటే వేలికి మసి అంటుతుంది. లక్ష్మీనరసమ్మ ఏనాడూ ఆ పొగను తిట్టలేదు. పొగ లేచిందంటే పంట ఇంటికొచ్చినట్టే.

ఆమె మనవరాలు పద్మకుమారికి నాలుగేళ్ళు. తల్లి పురిటికని పుట్టింటికి వెళ్తూ పిల్లను నాయనమ్మకు ఒప్పజెప్పింది. పిల్లకు ఏటా ఈ నెలల్లోనే దగ్గు, ఆ వెనక పిల్లికూతలు. దీనికి కారణం జగ్గమ్మేనని లక్ష్మీనరసమ్మ నిరుడు తేల్చింది.

జగ్గమ్మది భోగాపురం అవతల సముద్రపొడ్డు. మొగుడు పోయాక ఇక్కడికొచ్చి, వీధి చివర పంచ అద్దెకు తీసుకుని ఎండుచేపలు అమ్ముకునేది. ఆ నీసు వాసనే పిల్ల ఛాతీకి పడుతోందని లక్ష్మీనరసమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పంచాయతీకి అర్జీ రాయించింది. దాని మీద పదిహేడు వేలిముద్రలు పడ్డాయి. మొదటిది ఆమెదే. జగ్గమ్మ గంపలెత్తుకుని వెళ్ళి చంపావతి ఏటి ఒడ్డున పాక వేసుకుంది.

ఈ ఏడు వీధిలో నీసు వాసన లేదు. దగ్గు మాత్రం ముదిరింది. లక్ష్మీనరసమ్మ తలుపులు మూసి, పిల్ల మంచం పక్కన ఊక కుంపటి పెట్టింది. అందులో వేపాకు, వెల్లుల్లి పొట్టు వేసింది. పొగ ఛాతీలో చలిని లాగేస్తుందని ఆమె అత్తగారు చెప్పేది. నాలుగో రోజు పొద్దున పిల్ల పెదాలు నల్లబడ్డాయి. ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

సూది మందు పడ్డాక ఊపిరి కుదుటపడింది. కాంపౌండరు నరసింగరావు పిల్ల జుట్టు వాసన చూశాడు.

"ఇంట్లో ఏటి కాలుస్తన్నావు?"

"ఊక కుంపటి, బాబూ. సలికి."

"బయట మిల్లు పొగ సాలలేదేటి? తలుపులేసి మరీ పొగబెట్టినావు. అది పిల్లనుకున్నావా, కలుగులో ఎలకనుకున్నావా?"

"నీసు వాసనకి కదా బాబూ దగ్గు?"

"అలాగైతే సముద్రపొడ్డు పిల్లగుంటలందరూ దగ్గి సావాల. ఇది పొగ దగ్గు. శివరాత్రి దాకా ఈ గుంటని ఊర్లో ఉంచకు. తల్లి కాడికి పంపీ."

"అక్కడ బెల్లం పొయ్యిలు బాబూ. ఇంటెనకే చెరకు పిప్పి కాలుస్తారు."

"అలాగైతే ఏటొడ్డుకి ఎల్లు. ఈ నెలల్లో గాలి అటునుంచి ఊరి మీదకొస్తాది. పొగ అటెల్లదు. జగ్గమ్మ పాక ఒకటున్నాది."

లక్ష్మీనరసమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అర్జీ సంగతి నరసింగరావుకూ తెలుసు.

ఆ మధ్యాహ్నం పిల్లను చంకనేసుకుని ఏటొడ్డుకు వెళ్ళింది. జగ్గమ్మ చాప మీద నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"ఏటప్పా, ఇక్కడికీ వచ్చిందా కంపు? ఇంకెంత దూరం పొమ్మంటావు?"

లక్ష్మీనరసమ్మ దారిలో నాలుగు మాటలు కూర్చుకుంది. అవి మొదలుపెట్టేలోగా పిల్ల దగ్గింది. జగ్గమ్మ చేతులు కడుక్కుని వచ్చి, పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఎన్నాళ్ళు?"

"శివరాత్రి దాకా."

"గుంటని ఒగ్గీసెల్లు. సాయంత్రం పాలట్టుకురా. నా కాడ గేదె నేదు."

అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని లక్ష్మీనరసమ్మకు దారి పొడుగునా అనిపించింది.

ఆరు రోజులకు పిల్లికూతలు ఆగాయి. ఏడో రోజు సంత. లక్ష్మీనరసమ్మ ఉల్లిపాయలు ఏరుతుంటే పక్కింటి బుల్లమ్మ ఎదురైంది. అర్జీలో రెండో వేలిముద్ర బుల్లమ్మది.

"గుంట కనపడ్డం నేదేటొదినా?"

"తల్లి కాడికి పంపినాను."

నోరు జారి వచ్చిన అబద్ధం కాదది. ఆరు రోజులుగా సిద్ధం చేసి పెట్టుకున్నదే. మాట పూర్తయ్యాక పక్కకు చూస్తే నాలుగు బారల దూరంలో జగ్గమ్మ గంప ముందు కూర్చుని ఉంది. విన్నది. విన్నట్టు కనపడలేదు. ఎవరికో నెత్తళ్ళు కొలిచి, కొసరుగా గుప్పెడు వేసింది.

పిల్లకు పొద్దున గంజి తాగించి, పాక దగ్గర బట్టలుతికే ముసలామెకు అప్పజెప్పి వచ్చిన చెయ్యి అదే. లక్ష్మీనరసమ్మ ఉల్లిపాయలు కుప్పలో పడేసి, వెళ్ళిపోతున్న బుల్లమ్మను కేకేసింది.

"బుల్లమ్మా, అబద్ధం సెప్పినాను. గుంట జగ్గమ్మ పాకలో ఉన్నాది."

"ఓలమ్మ! ఆ నీసు కంపులోనా?"

"అక్కడే ఊపిరాడతన్నాది. నానే కుంపటెట్టి దాన్ని సంపబోయినాను. వాసనకి కాదు దగ్గు, పొగకి. ఆ అర్జీ తప్పు. నాదే తప్పు."

బేరాలు ఆగాయి. నలుగురు తలలు తిప్పారు. బుల్లమ్మ తన వేలిముద్ర గుర్తొచ్చినట్టు బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. లక్ష్మీనరసమ్మ జగ్గమ్మ గంప ముందుకు వెళ్ళి నిలబడింది. ఏమైనా అంటుందని చూసింది. తిడుతుందనైనా చూసింది.

జగ్గమ్మ గంప మీద ఈగలు తోలింది.

"పక్కకి జరగప్పా," అంది. "బేరానికి అడ్డంగా ఉన్నావు."

లక్ష్మీనరసమ్మ పక్కకు జరిగింది.